భారం దిగింది, బాబూ!

కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలో బామ్మలు కూడా ఆల్ఫా, డెల్టా, ఒమిక్రాన్ అంటూ గ్రీకు అక్షరాలు వల్లించారు. ఒకే వైరస్ అందరి కళ్లముందే రూపం మార్చుకుంది. నిన్నటి రకాన్ని నేటి రకం తోసేసి ఊరేగింది. జీవపరిణామం అంటే ఇదిగో అని పిల్లలకు చూపించడానికి ఇంతకంటే ఖరీదైన ప్రయోగశాల ఏ దేశానికీ దొరకదు. సరిగ్గా ఆ వైరస్ పేరే చెప్పి, విద్యార్థుల మీద భారం తగ్గించాలంటూ, ఎన్‌సీఈఆర్‌టీ 2022లో పదో తరగతి సైన్సు నుంచి పరిణామాన్ని కోసేసింది. ‘అనువంశికత, పరిణామం’ అన్న అధ్యాయం ‘అనువంశికత’గా మిగిలింది. వారసత్వం ఉంటుంది, మార్పు ఉండదు. మన రాజకీయ కుటుంబాలకు ఇంతకంటే నచ్చే సిలబస్ ఉంటుందా!

కోవిడ్ వెళ్లిపోయింది, పాఠం మాత్రం తిరిగి రాలేదు. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతిలో ఉందిగా, ఎందుకంత గోల అన్నారు పెద్దలు. ఉంది, నిజమే. బైపీసీ తీసుకున్నవాళ్లకు. మన కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో డార్విన్ నాలుగు ఆప్షన్లలో ఒకడు. తప్పు పెడితే మైనస్ ఒకటి. ఎంపీసీ పిల్లవాడికి, కామర్స్ పిల్లకి, పదితోనే బడి మానేసినవాడికి ఆ మైనస్ కూడా దక్కదు.

వాళ్లేం నష్టపోతారు? కొందరు మంత్రులవుతారు. 2018లో కేంద్రంలో విద్యాశాఖ సహాయమంత్రిగా ఉన్న సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూడలేదు కాబట్టి డార్విన్ తప్పు అని తేల్చారు. మరుసటి ఏడాది జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి గారు డార్విన్ కంటే దశావతారాలే నయమన్నారు, కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బిడ్డలన్నారు. తెలుగువాడు ఎందులోనూ వెనకబడడు.

ఇంతకీ పిల్లల వీపు మీది నుంచి దించిన బరువేమిటి? పచ్చటి పొదల్లో ఎర్ర పురుగులు, వాటిని ఏరుకు తినే కాకులు, ఆకుల్లో కలిసిపోయి బతికిపోయే ఒక ఆకుపచ్చ పురుగు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఒకే అడవి మొక్క సంతానమన్న కబురు. అన్నిటికంటే బరువైనది చివర్లో ఉండేది: మనుషులందరి మూలాలూ ఆఫ్రికాలోనే ఉన్నాయి, ఒంటి రంగు ఏదైనా మనదంతా ఒకే జాతి, మనుషుల్ని జాతులుగా విడగొట్టడానికి జీవశాస్త్రంలో ఆధారమే లేదు అన్న మాట. పదిహేనేళ్ల పిల్లకు ఇది అర్థమైతే ఆదివారం పేపర్లో కులాల వారీగా వేసే వధూవరుల పేజీ గతేంకాను? ‘ఎర్రగా, పొడుగ్గా ఉండే, శాఖాభేదం లేని’ వరుడి కోసం వెతికే తల్లిదండ్రుల ఆరోగ్యం ఏంకాను? భారం తగ్గింది పిల్లలకు కాదు, పెద్దలకు.

పురుగులు మాత్రం పుస్తకం చూసి మారవు. 2002లో దేశంలోకి, పురుగుల్ని చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తి వచ్చింది. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. గులాబీ రంగు పురుగు రెండింటినీ జీర్ణించుకుంది. కిటుకేమీ లేదు: విషానికి లొంగినవి చచ్చాయి, లొంగనివి పిల్లల్ని పెట్టాయి. దీన్ని ఆలస్యం చేసే ఉపాయం విత్తన ప్యాకెట్లోనే ఉండేది. 450 గ్రాముల బీటీ గింజలతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల చిన్న పొట్లం ఇచ్చేవారు. దాన్ని చేను చుట్టూ వేస్తే అక్కడ విషానికి లొంగే పురుగులు కొన్ని బతుకుతాయి, లొంగని వాటితో జత కడతాయి, పుట్టే సంతానం మళ్లీ లొంగుతుంది. మన రైతుల్లో చాలామంది ఆ పొట్లాన్ని గట్టు మీదే పారేశారు. పారేయరా మరి? కౌలు కట్టి పురుగుల్ని ఎందుకు మేపాలో వాళ్లకు విడమర్చి చెప్పినవాడు లేడు. అది పదో తరగతి పాఠం. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ పత్తి చేలల్లో అప్పుల లెక్కకు పనికొచ్చే పాఠం. పాఠాల కోతకు ఎన్‌సీఈఆర్‌టీ చెప్పుకున్న కొలమానాల్లో ‘ప్రస్తుత సందర్భానికి అవసరం లేనివి’ అన్నదీ ఒకటి. ఆంధ్రప్రదేశ్ 2024-25 నుంచి పదో తరగతికి ఆ ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌నే తెచ్చుకుంది.

అదే కోతలో సహజ వనరుల అధ్యాయం కూడా పోయింది. చెట్ల కోసం ప్రాణాలిచ్చిన అమృతాదేవి బిష్ణోయ్, చిప్కో ఉద్యమం, అన్నీ. అడవి పోయాక పాఠం ఎందుకనుకున్నారేమో.

అమ్మా, అయ్యా, ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఈ ఆదివారం పాత పుస్తకాలు అమ్మే హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్‌కో, విజయవాడ లెనిన్ సెంటర్‌కో వెళ్లండి. 2022కు ముందు అచ్చయిన పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సైన్సు పుస్తకం అడగండి. తొమ్మిదో అధ్యాయం చిరిగిపోకుండా ఉందో లేదో చూసి మరీ కొనండి.