నా గురకకు సాక్షి

లోకములో ఏ రోగమునైనను మొదట రోగియే యెఱుగును. గురక యొక్కటి మాత్రము ఇంటివారును, ఇరుగుపొరుగువారును, తుదకు బాన్సువాడ బస్టాండులో నిజామాబాదు బస్సుకై నిరీక్షించు సర్వజనులును ఎఱిగిన పిమ్మట, నమ్మదగని వదంతివలె రోగి చెవిని సోకును. ముప్పదియేండ్లుగా నా అర్ధాంగి ఆ వదంతిని వినిపించుచునే యుండెను. నేను సాక్ష్యము లేని అభియోగమని కొట్టివేయుచునే యుంటిని.

ఒకనాటి యుదయమున ఆమె కోపముతో గాక భయముతో పలికెను. "గురక పెడితే నాకేం భయం లేదు. అది ఆగుతది సూడు, అప్పుడు భయమైతది. మల్ల ఊపిరి తీసేదాక లెక్కపెట్టుకుంట కూసుంట."

"ఎంతదాక లెక్కపెడతవు?" అని యడిగితిని.

"ఒక్కోపారి ఇరువై దాటుతది."

నేను హాయిగా పరుండియుండగా ఒక స్త్రీ చీకటిలో కూర్చుండి నా ప్రాణమును ఎక్కముల పట్టికవలె వల్లించుచున్నదని తెలిసిన పిమ్మట వాదించుటకు నోరు రాలేదు.

వైద్యుని కడకు పోగా ఆయన ముందుగా ఒక కాగితము నిచ్చెను. 1991లో మెల్బోర్నులో ముర్రే జాన్స్ అను వైద్యుడు కూర్చిన ఎనిమిది ప్రశ్నలు అందున్నవి: చదువుచుండగా కునుకు వచ్చునా, టీవీ చూచుచుండగా వచ్చునా, ఎవరితోనైన మాటాడుచుండగా వచ్చునా, అని. మార్కులు పది దాటినచో అనుమానింపవలెనట. నాకు 24కు 17 వచ్చినవి. జీవితమంతయు పిల్లలకు మార్కులు వేసిన నాకు ఇంతటి ఉత్తీర్ణత ఎన్నడును లభింపలేదు. పిదప ఒక రాత్రి తలనుండి కాలివఱకు తీగలు చుట్టి పరుండబెట్టి లెక్కించిరి. నిద్రలో కంఠపు కండరములు సడలి, నాలుక వెనుకకు జారి, మెడలో పేరుకొన్న క్రొవ్వు తోడై గాలిత్రోవ మూసికొనిపోవును. మెదడు ఉలికిపడి మేల్కొలుపును. మరల నిద్ర, మరల మూత. పదేసి సెకండ్లకు తగ్గని యిట్టి ఆటంకములు గంటకు ముప్పది దాటినచో తీవ్రమందురు. నావి 34. అనగా రాత్రియెల్ల నిద్రించితినను నా విశ్వాసము శుద్ధాబద్ధము.

ఇది నవ్వులాటయే యనుకొంటిని గాని, 'గ్యాంగ్ లీడర్' పాటలతో 1991లో తెలుగుదేశము నూపిన సంగీతదర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ఈ వ్యాధి కారణముననే కన్నుమూసెనని వైద్యులు ప్రకటించిన సంగతి జ్ఞప్తికి వచ్చి నా నవ్వు అడగిపోయెను.

చికిత్స ద్వివిధము. మొదటిది యంత్రము: 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అను వైద్యుడు దుమ్ముపీల్చు యంత్రపు మోటారును త్రిప్పికట్టి చేసిన దానికి మునిమనుమడు. దాని తొండమును ముక్కునకు తగిలించుకొన్న మొదటి రాత్రి మా మనుమరాలు వినాయకుడని దండము పెట్టి ఉండ్రాళ్లు తేబోయెను. ఉండ్రాళ్లు కూడదు, ఏలయనగా రెండవ చికిత్స బరువు తగ్గుట. నా తూకము 92 కిలోలు. అందు పదవవంతు తగ్గుమని ఆజ్ఞ. అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు 2000లో తేల్చినదేమనగా, బరువు నూటికి పది పెరిగినచో ఆటంకములు నూటికి 32 పెరుగును. పది తగ్గినచో 26 మాత్రమే తగ్గును. ఇచ్చునప్పుడొక లెక్క, పుచ్చుకొనునప్పుడొక లెక్క: అచ్చముగా వడ్డీవ్యాపారి ధర్మము.

బాన్సువాడలో అన్నము తగ్గించుట సామాన్యమా! మంజీరకు అడ్డముగా 1923లో ఆరంభించి 1931లో నిజాంసాగర్ కట్టినది మా మళ్లలో వరి పండుటకే గదా. ఆ నీటి ఋణము నుంచుకొని రాత్రి ఒక్క జొన్నరొట్టెతో సరిపుచ్చుకొనుట దేశద్రోహమువలె తోచెను. సాయంకాలపు కల్లు కంఠమును మఱింత సడలించునని వైద్యుడు చెప్పగా, ఆ మాట నాకు వర్తింపదంటిని. నా భార్య దగ్గెను. వెల్లకిల పరుండరాదనుటచే ఆమె నా బనీను వీపునకు సంచి కుట్టి అందొక బంతి నుంచినది. ప్రక్కకు ఒత్తిగిలుట అలవాటగువఱకు ప్రతి రాత్రియు వీపుతో క్రికెట్టాడితిని.

ఉదయమున కాలువగట్టున నడచుచున్నాను. ఎదురుపడిన వారెల్ల "ఏం సారూ, షుగరా?" అని పరామర్శింతురు, గురక యని చెప్పినచో మాత్రము, తమ ఇంటిలోని మఱియొకరి పేరు చెప్పి, తాము మెల్లగా జారుకొందురు.

మొన్న వాకబు చేసితిని: నా సాక్షి ఇప్పుడు లెక్కపెట్టుట లేదు, పది గంటలకే నిద్రించుచున్నది. పైగా ఆమెయు గురకపెట్టుచున్నది. ఆ సంగతి చెప్పగా సాక్ష్యమేదని యడిగినది. నా తూకము 86 కిలోలకు దిగినది. ఇంక మూడు కిలోలు మిగిలియున్నవి. మాఘమాసములో మా వీధిలోనే మూడు పెండ్లిండ్లు.