మార్కరు లైటు చీటీ: సటీక, సతాత్పర్యం

మూలము: "ఎర్ర వైరును ప్లస్సునకును, నల్ల వైరును బాడీకిని కలుపవలెను. ఈ పని నిపుణునిచేత మాత్రమే చేయించుకొనవలెను. నీరు చేరినయెడల వారంటీ వర్తింపదు."

పికప్ బండి నెత్తిన, తొట్టి పక్కల బిగించుకునే ఎల్‌ఈడీ మార్కరు లైట్ల పెట్టెలో మడతపెట్టి పెట్టే ఈ చీటీ నిస్సందేహంగా సూత్రగ్రంథమే. సూత్రానికి చెప్పిన లక్షణాల్లో అక్షరాల పొదుపు దీనికి పుష్కలం. సందేహం మిగల్చకపోవడం అనే లక్షణం మాత్రం అచ్చుకు ఎక్కలేదు. మెదక్ సీమ కొల్చారానికి చెందిన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రచించాడు. మన చీటీకర్త ఆయన్ను ఒక మెట్టు మించి, అక్కరకు వచ్చేదీ చెప్పలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ వ్యాఖ్య. ప్రతిజ్ఞలో రెండో సగం మాకు కట్టుబాటు కాదని ముందే విన్నవించుకుంటున్నాం.

"ఎర్ర వైరు" స్పష్టము. "నల్ల వైరు" స్పష్టతరము. అసలు ఏ రంగు దీపం ఎటు వెలగాలన్నది మూలంలో లేదు గనుక అదే విచారణీయం. 1989 నాటి మన కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో దీన్ని చెప్పేది 108వ నియమం: కొన్ని మినహాయింపులు పోను, బండి ముందుకు ఎరుపు చూపకూడదు, వెనక్కి ఎరుపు తప్ప చూపకూడదు. అమెరికాలో బండి దీపాలను శాసించే సమాఖ్య భద్రతా ప్రమాణం సంఖ్య కూడా 108 కావడం గమనార్హం. 80 అంగుళాలు, ఆపైన వెడల్పున్న బండికి ముందు పసుపు, వెనుక ఎరుపు దీపాలను అది విధిస్తుంది. అక్కడి పెద్ద పికప్‌ల నెత్తిన కనిపించే అయిదింటిలో మధ్య మూడూ పెద్ద బండి వస్తోందని చెప్పడానికి, చివరి రెండూ వెడల్పు చూపడానికి. రెండు ఖండాల శాసనకర్తలూ కూడబలుక్కోకుండా ఒకే అంకెకు చేరారంటే ఊరకే కాదు. ముక్తికోపనిషత్తు లెక్కలో ఉపనిషత్తులు 108. భరతుడి కరణాలు 108, చిదంబరం గోపురాల్లో వాటిని రాతిలో చెక్కారు. వైష్ణవ దివ్యదేశాలు 108. జపమాల పూసల సంగతి అందరికీ తెలిసిందే. మన దగ్గర అంబులెన్సుకు నొక్కే అంకె కూడా అదే. మొదటి రెండు 108లనూ ఖాతరు చేయనివారి కోసం ఈ చివరిది తిరుగుతోంది. ఇది హాస్యానికి అన్న మాట కాదు. చీకట్లో తొట్టి అంచు ఎక్కడ ముగుస్తుందో ఎదుటివాడికి చెప్పేది ఈ చిన్న దీపమే. ముందువైపు ఎరుపు పెట్టినవాడు, వస్తున్న బండిని పోతున్న బండిగా భ్రమింపజేస్తున్నాడు.

ఇక "ప్లస్సునకు". ఏ ప్లస్సు? బ్యాటరీదే అని పూర్వపక్షం. అలా అయితే బండి ఆపి ఇంటికి పోయినా దీపాలు ఆరవు. హెడ్‌లైటుదంటారా, బండిని చీకట్లో రోడ్డు పక్కన పార్కింగు లైట్లతో నిలిపినప్పుడు, అంటే అవి అత్యవసరమైనప్పుడు, వెలగవు. కాబట్టి పార్కింగు లైటు తీగ అని సిద్ధాంతం. ఎల్‌ఈడీ లాగే కరెంటు అత్యల్పం, దీనికి విడిగా ఫ్యూజెందుకని మరో ఆక్షేపణ. ఫ్యూజు దీపానికి కాదు, తీగకు. రేకు అంచున ఒరిసి తొడుగు తెగిన తీగ బాడీకి తగిలితే, దీపం ఎంత మితాహారి అయినా అక్కరకు రాదు. పార్కింగు లైట్లకున్న ఫ్యూజు వాటి లావు తీగకు సరిపడేది. అది పోయేలోపు ఈ సన్న తీగ కాలిపోవచ్చు. అందుకే అతుకు పెట్టినచోటే రెండు మూడు ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. "బాడీకి" అన్నచోట చీటీ మౌనం మరీ ఘోరం. రంగులో కరెంటు పారదు. రంగు గీకి, మెరిసే ఇనుముకు బోల్టుతో బిగించి, పైన గ్రీజు పూయాలి. లేకపోతే కరెంటు పక్క దీపాల గుండా తిరుగుదారి వెతుక్కుంటుంది. బ్రేకు తొక్కితే మార్కరు లైటు మసకగా వెలగడం దాని మహిమే.

రకరకాల బండ్లున్నాయి, తయారుచేసినవాడు ఇవన్నీ ఎలా చెప్పగలడు, అందుకే నిపుణుడికి అప్పగించాడు అనవచ్చు. బండ్లు మారవచ్చు, రంగు కింద ఇనుము ఉండడం మారుతుందా? పికప్‌కు 12 వోల్టులు, పెద్ద లారీకి 24 అన్న ముక్కకు ఎంత సిరా అవుతుంది? చీటీ వెనుకవైపు అంతా ఖాళీయే. నిపుణుడి చేతికి వచ్చేదీ ఈ చీటీయే గనుక, ఆ రెండో వాక్యం జ్ఞానాన్ని అందించదు. నిందను మాత్రం ముందే బట్వాడా చేస్తుంది.

మూడో వాక్యానికి సమన్వయం కష్టం. పెట్టె మీద ఐపీ 67 అని ఉంటుంది: మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా హాని చేసేంత నీరు లోపలికి దిగదని. చీటీ ప్రకారం నీరు చేరితే వారంటీ లేదు. మునిగితే ఉంది, తడిస్తే లేదు. విరోధ పరిహారం ఏమంటే, పరీక్షలో గెలిచింది దీపం. వానలో ఓడేది అతుకు. మెలిపెట్టి టేపు చుట్టిన చోట దిగిన నీరు రాగి పోగుల సందుల్లోంచి పాకి దీపంలోకి చేరుతుంది. వేడికి ముడుచుకునే జిగురు స్లీవు జానెడు ముక్క పెట్టెలో వేసి ఉంటే ఈ శాస్త్రచర్చ తప్పేది. అది వేయరు. టేపు కూడా మనమే కొనుక్కోవాలి.