టోలెడో జీపు స్వీయచరిత్ర

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టోలెడో నగరపు విల్లీస్-ఓవర్‌ల్యాండ్ కర్మాగారం నుంచి 1943లో వెలువడిన ఒక ఎం.బి. జీపు చెప్పుకొంటున్న చరిత్ర ఇది. సైనిక దస్తావేజుల మధ్య పెరిగిన యంత్రం కనుక తన సంగతి చెప్పేటప్పుడు కూడా అది తనను ‘ఈ వాహనం’ అనే పేర్కొంటుంది.

1940లో అమెరికా సైన్యం తేలికపాటి వాహనం కావాలని కోరినప్పుడు మొదటి నమూనాను బాంటమ్ అనే చిన్న కంపెనీ కోసం కార్ల్ ప్రాబ్‌స్ట్ రూపొందించగా, వేలకొద్దీ తయారుచేసే స్తోమత ఆ కంపెనీకి లేదని తలచిన సైన్యం పెద్ద కాంట్రాక్టులను విల్లీస్‌కూ ఫోర్డుకూ ఇచ్చింది. శ్రమ ఒకరిది, కీర్తి మరొకరిది కావడాన్ని ఈ వాహనం దాచిపెట్టదు. అయితే ‘గో డెవిల్’ అనే 60 అశ్వశక్తుల ఇంజను మాత్రం విల్లీస్ సొంతం.

ఈ వాహనానికి తలుపులు లేవు. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉన్నందున పెట్రోలు పోసిన ప్రతిసారీ డ్రైవరు లేచి సీటు ఎత్తవలసిందే. హెడ్‌లైటు మరను వదులుచేసి దీపాన్ని వెనక్కి తిప్పితే వెలుగు నేరుగా ఇంజను మీద పడుతుంది కాబట్టి, రాత్రివేళ కార్బురేటరు విప్పే మెకానిక్కుకు వేరే టార్చితో పని ఉండదు.

అరవై ఏళ్ల తరువాత, 2003 మోడల్‌గా అదే టోలెడోలో తయారైన ర్యాంగ్లర్ రూబికాన్ అనే జీపు, కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లోని రాళ్లబాట పేరు పెట్టుకుంది. ఇరుసుల మధ్య దూరమైన వీల్‌బేస్ ఈ వాహనానికి 80 అంగుళాలు కాగా దానికి 93 దాటుతుంది. ఈ వాహనాన్ని కమాను కట్టలు మోస్తే దాన్ని చుట్టల స్ప్రింగులు మోస్తాయి. అసలు తేడా ట్రాన్స్‌ఫర్ కేసులో, అంటే గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని రెండు ఇరుసులకూ పంచే పెట్టెలో ఉంది: ‘లో’ గేరులో ఈ వాహనపు పెట్టె వేగాన్ని సుమారు సగానికి తగ్గిస్తే, రూబికాన్ పెట్టె నాలుగో వంతుకు తగ్గించి, చక్రాలను తిప్పే బలాన్ని అదే లెక్కన పెంచుతుంది. దానికి తోడు, మలుపులో ఇరుపక్కల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌ను మీట నొక్కి బిగించే లాకర్లు రెండు ఇరుసులకూ ఉండటం వల్ల, ఒక చక్రం గాలిలోకి లేచినా రెండోది పట్టు వదలదు. ఇదే స్థితిలో ఈ వాహనంలో ఆ ఇరుసుకు అందిన శక్తి అంతా లేచిన చక్రాన్ని ఊరికే తిప్పడంతో సరిపోతుంది.

కాబట్టి బండరాళ్ల మీద పోటీ పెడితే గెలుపు రూబికాన్‌దే, ఇందులో వాదానికి తావు లేదు. అయితే ఆ లాకర్లను బిగించే గాలి పంపు అడవి మధ్యలో మొరాయిస్తే దాన్ని అక్కడికక్కడ సరిచేసుకోవడం సామాన్యుడి వల్ల కాదు. సుమారు 1,100 కిలోల బరువున్న ఈ వాహనానికి నాలుగు స్పానర్లు, పని తెలిసిన ఒక మనిషి చాలు.