పదోవాడు

మార్కెట్ తెరిచేది 9:15కి. మనవాడు తొమ్మిదికే ఫోన్‌లో ట్రేడింగ్ యాప్ తెరుస్తాడు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడేవాళ్లలో పదికి తొమ్మిది మంది నష్టపోయారన్న హెచ్చరిక ఎదురవుతుంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశం మీద 2023 జూలై నుంచి ప్రతి బ్రోకరూ దీన్ని చూపించి తీరాలి. మనవాడు చదవడనుకునేరు, శ్రద్ధగా చదువుతాడు. ఆ తొమ్మిది మంది మీద జాలిపడి ఓకే నొక్కుతాడు. పదోవాడు తనే కదా!

జాగ్రత్తలో మనవాడికి సాటి లేదు. రాహుకాలంలో గడప దాటడు. కూరగాయల బండి దగ్గర ఇంకొక్క ములక్కాడ కోసం పావుగంట బేరమాడతాడు. అదే పెద్దమనిషి ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నం రెండున్నరకి, గంటలో కాలం చెల్లే నిఫ్టీ కాల్ ఆప్షన్ కొంటాడు. కారణం? టెలిగ్రాంలో ఎవరో గురువుగారు రాకెట్ బొమ్మ పెట్టారు.

ఐదొందలు లాభం కనపడిందా, చేతులు వణికి అమ్మేస్తాడు. ఐదువేలు పోయాయా, ఎక్కడలేని ధైర్యం వచ్చేస్తుంది. "నష్టం ఇంకా బుక్ చేయలేదుగా" అంటూ మరో రెండు లాట్లు కొని యావరేజ్ చేస్తాడు. ఖాయంగా పోయినదాన్ని ఒప్పుకోలేక మనిషి అంతకన్నా పెద్ద జూదానికి దిగుతాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. కానెమన్‌కి 2002లో నోబెల్ ఇచ్చారు. అదే సంగతిని సొంత డబ్బుతో రోజూ రుజువు చేస్తున్న మనవాడికి మాత్రం ఇంతవరకు శాలువా కప్పిన నాథుడు లేడు.

అనిశ్చితి అంటారు గానీ, ఎక్కడుందండీ ఇందులో? 2024 మార్చితో ముగిసిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో కోటి మందికి పైగా చిన్న ట్రేడర్లు దిగితే 93 శాతం మునిగారని సెబీయే లెక్క తేల్చింది. పోయింది 1.8 లక్షల కోట్లకు పైనే. మన వానలకి ఈమాత్రం గ్యారంటీ ఉందా? వరసగా రెండేళ్లు పోగొట్టుకున్నవాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి పైగా మళ్లీ వచ్చి కూర్చున్నారు. అవతలి పక్క లాభాలు మూటగట్టుకున్న విదేశీ సంస్థలకి ఆ రాబడి దాదాపు అంతా కంప్యూటర్ అల్గారిథమ్‌లే తెచ్చిపెట్టాయి. వాటికి రాహుకాలం లేదు, రోషం లేదు, బావమరిది ముందు తలెత్తుకోవాలన్న బాధ అసలే లేదు.

మనవాడు మాత్రం బెదరలేదు. ఇన్నేళ్ల అనుభవం ఊరికే పోకూడదని వచ్చే నెల తనే టెలిగ్రాం ఛానల్ పెడుతున్నాడు. చేరడానికి నెలకి వెయ్యి, ముందే కట్టాలి.