ఇసుక చూడ్డానికి టిక్కెట్టు

ఆ రీలు మీరూ చూసే ఉంటారు. చూడకపోతే మీ బావమరిదో, తోడికోడలి తమ్ముడో ఈపాటికి పంపే ఉంటాడు. నల్ల కళ్ళద్దాలు, తలకి గళ్ళ గుడ్డ, వెనక ఎర్రటి ఇసుక దిబ్బలు, ముందు అచ్చమైన గోదావరి యాసలో ఒక్క కేక: "వీకెండంటే ఇదండీ బాబూ!" కేక వెనకే పాట, పాట కింద లైకులు, లైకుల కింద అసలు సరుకు. "దుబాయ్, కువైట్, మస్కట్ వీసాలకు సంప్రదించండి" అని ఓ ఫోను నంబరు.

కోనసీమలో ఇప్పుడు ఇదే ఫ్యాషను. వెనకటి గల్ఫ్ ఏజెంటు చంకలో ఫైలు పెట్టుకొచ్చి, అరుగు మీద కూచుని, జీతం ఎంతొస్తుందో చెప్పేవాడు. అందులో సగం అబద్ధమే అయినా మాట జీతం గురించే ఉండేది. ఇప్పటి ఏజెంటుకి ఫైలు అక్కర్లేదు, ఫోనుంది. జీతం మాట పక్కన పెట్టి సెలవు మాట ఎత్తుతాడు. "మనకి కార్తీకంలో ఒక్కసారే వనభోజనాలండి. అక్కడ వారం వారం కార్తీకమే. ఆయ్!" ఎండ గురించి ఎవరన్నా అడిగితే, "మనకి మే నెల లేదేంటండీ?" అని ఎదురు ప్రశ్న. అడిగినవాళ్ళు నోరు మూసుకుని పాస్‌పోర్టు ఫోటోలకి బయల్దేరతారు.

ముందు ఆ ఇసుక సంగతి తేలాలి.

ఆత్రేయపురం వాడికి ఇసుక కొత్తా? ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఈ మండలం బతుకంతా నీళ్ళకీ ఇసుకకీ మధ్యే. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ. బొబ్బర్లంకలో మొదలైన కాలువ వెంట వస్తే లొల్ల లాకుల దాకా నీళ్ళు, ఏటిగట్టు దాటి దిగితే ఇసుక. పగలు లారీల్లో ఇసుక, రాత్రి ట్రాక్టర్లలో ఇసుక, ఎన్నికలప్పుడు ఉపన్యాసాల్లో ఇసుక. 2024 జూలై 8 నుంచి రాష్ట్రమంతా ఇసుక ఉచితమన్నారు కూడా. తవ్వుడు కూలి, ఎగుమతి కూలి, బండి కిరాయి కట్టుకుంటే చాలు, ఇసుక మటుకు ఉచితమే. అలాంటి ఊళ్ళో పుట్టి, వీసాకని నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి, సముద్రం దాటి వెళ్ళి, అక్కడ డబ్బిచ్చి ఇసుక చూసొచ్చేవాణ్ణి ఏమనాలో ఈ కాలమిస్టుకి ఇంతవరకూ తోచలేదు.

పోనీ, ఊరికే చూస్తారా అంటే అదీ కాదు. దుబాయ్ నుంచి లహబాబ్ వైపు తీసుకెళ్ళి, ముందు బండి టైర్లలో గాలి తీస్తారు. మన ర్యాంపులో ట్రాక్టరు దిగబడితే నలుగురు కూలీలూ డ్రైవరుని తిట్టుకుంటూ తోస్తారు. అక్కడ దిగబడకుండా గాలి తీసి, దిబ్బ ఎక్కించి, దింపి, మళ్ళీ ఎక్కించి, పొద్దున్న తిన్న ఇడ్లీ గొంతు దాకా వచ్చాక దింపుతారు. దాని పేరు డ్యూన్ బ్యాషింగ్. మామూలు ప్యాకేజీ అయినా వంద దిర్హాముల చుట్టూ పలుకుతుంది. మన లెక్కలో రెండు వేల పైమాట. కొవ్వూరు రోడ్డు బాగోలేని రోజుల్లో రావులపాలెం బస్సెక్కినవాళ్ళకి ఈ అనుభవం టిక్కెట్టు ధరకే దొరికేది.

తర్వాత ఒంటె. ఒంటె లేస్తుంది, మనవాడు అరుస్తాడు. నాలుగడుగులు వేస్తుంది, మనవాడు రీలు తీస్తాడు. కూలబడుతుంది, మనవాడు మళ్ళీ అరుస్తాడు. అయిపోయింది. తర్వాత చేతి మీద డేగ, డేగతో ఫోటో, ఫోటోకి వేరే డబ్బు. తర్వాత గోరింటాకు. ఇక్కడ అట్లతద్దికి మేనత్త రుబ్బి పెడతానంటే సిగ్గుపడి పారిపోయినవాడే అక్కడ అరచెయ్యి చాపుతాడు. తర్వాత గిర్రున తిరిగే తనూరా నాట్యం, బొగ్గుల మీద కాల్చిన మాంసం. ఇంత వినోదమూ అయ్యాక అర్ధరాత్రి గదికొచ్చి, పెరుగన్నంలో ఆవకాయ ముక్క వేసుకుని తింటాడు. రీలులో ఆ పెరుగన్నం ఉండదు.

ఈ మధ్య దీనికో కొత్త తోక మొలిచింది. ఇసుక దిబ్బ మీద దుప్పటి పరిచి, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా విప్పి, "మా ఊరి రుచి, ఎడారిలో!" అంటూ కొరుకుతారు. పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఇప్పుడది వస్తువు కాదు, హోదా. ఆ రేకు తీసిన ఆడమనిషి గురించి ఒక్క ముక్క ఉండదు. బోర్లించిన కుండ కింద మంట, ముందు జారుడు పిండి, చేతిలో తడి గుడ్డ. పొద్దుటి నుంచీ ఆ సెగ ముందు కూచునే మనిషికి ఏ వారాంతమూ లేదు. ఇసుకలో కూచుని ఆ రేకు నములుతూ "ఎండ మాకు లెక్కే కాదు" అనేవాడు ఎప్పుడన్నా ఆ కుండ ముందు ఓ పూట కూచున్నాడా?

దుబాయ్ వాళ్ళ హత్తా డ్యాములో పడవ తెడ్డు వెయ్యడానికి క్యూ కట్టే కాలువగట్టు కుర్రాళ్ళ గురించి ఏమీ అనను. సంక్రాంతికి మనవాళ్ళు కేరళని చూసి ఆత్రేయపురం కాలువలో పడవ పందేలు పెట్టారు, వాళ్ళు దుబాయిని చూసి తెడ్డు పట్టారు. లెక్క సరిపోయింది.

మిరకిల్ గార్డెన్ దగ్గర మటుకు ఆగాలి. గోదావరి దాటితే కడియపులంక, నర్సరీల పక్క నుంచి బస్సు వెళ్ళినంతసేపూ పూలే. దాన్ని వదిలి దుబాయ్ వెళ్ళి పూలతో చేసిన విమానం ముందు ఫోటో దిగడం ఎవడి సరదా వాడిది. కానీ ఆ తోట 2013లో తెరిచినప్పటి నుంచీ ఏటా వేసవిలో మూసేస్తారు. ఎందుకంటే ఆ ఎండకి పూలు బతకవు. గ్లోబల్ విలేజ్ అనే తిరునాళ్ళూ అంతే, ఎండలు ముదిరే వేళకి తాళం. కువైట్‌లో ఎడారి గుడారాల సరదాకి నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకానే అనుమతి. రీళ్ళన్నీ చలికాలంలో పుట్టేది ఇందుకే. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో "వీకెండంటే ఇదండీ" అని ఎవరూ అరవరు. పూలకి సెలవు, ఒంటెకి నీడ, పర్యాటకుడికి ఏసీ మాల్. ఆ మూడు నెలలూ ఆరుబయట ఉండేది ఎవరయ్యా అంటే, మనవాడే. రోడ్డు మీద, సెంట్రింగు మీద, పైపులైను గుంటలో.

ఇక్కడితో వేళాకోళం చాలు.

కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ సరిచూసి ఒప్పుకున్న లెక్క ఇది. "మనకి మే నెల లేదేంటండీ" అనే పెద్దమనిషి ఈ అంకెని తన స్టేటస్‌లో పెట్టాలి. మధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వాలే చట్టం చేసుకున్నాయి. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు నెలాఖరు దాకా పగలు 11 నుంచి 4 వరకు, ఖతార్‌లో సెప్టెంబరు 15 దాకా 10 నుంచి 3:30 వరకు, ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా 12:30 నుంచి 3 వరకు. ఎండ లెక్కే కాకపోతే ఈ చట్టాలెందుకు? ఎమిరేట్స్‌లో ఈ నిబంధన మీరితే జరిమానా ఒక్కో కూలీకి 5,000 దిర్హాములు, ఎంతమందైనా మొత్తం మీద 50,000 దాటదు. అంటే పదిమంది దాకా లెక్క, పదకొండోవాడి నుంచి ఎండ ఉచితం. మన ఇసుక లాగే.

ఇక ఆ వారం వారం సెలవు మాట చూద్దాం. ఎమిరేట్స్ ప్రభుత్వం 2022 జనవరి 1 నుంచి వారాంతాన్ని శని, ఆదివారాలకి మార్చింది, ప్రభుత్వోద్యోగికి శుక్రవారం మధ్యాహ్నం నుంచే విశ్రాంతి. ప్రైవేటు కంపెనీ వారానికి కనీసం ఒక్క రోజు సెలవిస్తే చాలు. ఆ ఒక్క రోజూ బట్టలుతుక్కోవడానికి, వారానికి కూర వండి పెట్టుకోవడానికి, ఇంటికి ఫోను చేసుకోవడానికి. ఎడారికెళ్ళి రీలు తీసేవాడు చాలావరకు కారున్న ఉద్యోగి. వాడి సరదా మీద ఎవరికీ కోపం లేదు. వాడి వీడియో చూపించి క్లీనింగు కంపెనీకి మనుషుల్ని తోలే దళారీ మీదే కోపం. ఆ సరదా పొలిమేరలోకి కూడా తను తోలే కుర్రాడు అడుగు పెట్టడని తెలిసీ చూపిస్తాడే, అదీ మోసం.

ఆడవాళ్ళ సంగతికొస్తే మోసం అనే మాట కూడా చాలదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కువైట్ ఇళ్ళల్లో పనికెళ్ళిన తల్లులు వీధికొకరు ఉన్నారు. ఈ ఊళ్ళ డాబా ఇళ్ళు కొన్ని ఆ తల్లుల నడుము మీద లేచినవే. ఇంటిపనివాళ్ళ కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది: రోజుకి 12 గంటలకి మించి పని వద్దు, వారానికో రోజు సెలవు, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవు. 2016లో కనీస జీతం 60 దినార్లన్నారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఇంటి గోడల మధ్య పన్నెండు గంటలు ఎవరు కొలుస్తారు? తాళం చెవి యజమాని దగ్గర, పాస్‌పోర్టు యజమాని దగ్గర, అకామా అనే నివాస అనుమతి కట్టేదీ యజమానే. సెలవడిగితే "ఎక్కడికెళ్తావు?" అంటారు. చెప్పా పెట్టకుండా బయటపడితే ఖల్లివల్లి అని ముద్ర పడుతుంది, పట్టుబడితే జైలు, తర్వాత దేశం దాటించడం.

ఆవిడకీ ఎడారి విహారం ఉందండోయ్. చలికాలంలో యజమాని కుటుంబం గుడారాలు వేసుకుని వారాంతం గడపడానికి వెళ్ళినప్పుడు ఆవిణ్ణీ వెంట తీసుకెళ్తారు. వండటానికి, గిన్నెలు తోమడానికి, పిల్లల్ని చూడ్డానికి. ఇంట్లో కుళాయి ఉండేది, అక్కడ ట్యాంకరు నీళ్ళు. అదీ ఔటింగే. ఆ రీలు ఎవరూ తియ్యరు. తీసినా దాని కింద ఫోను నంబరు ఉండదు.

అదృష్టం బాగుండి శుక్రవారం సెలవు దొరికినవాళ్ళు వెళ్ళేది ఇసుక దిబ్బలకి కాదు. కువైట్ సిటీలో తెలుగు ఆరాధన జరిగే చర్చికి, ముర్గాబ్‌లో డబ్బు పంపే కౌంటరుకి, తెలిసిన ముఖం కనిపిస్తుందేమోనని ఆ పక్క వీధుల్లోకి. ఫలానా ఊరి పిల్లకి ఒంట్లో బాగోలేదట, ఫలానావిడకి ఆర్నెల్లుగా జీతమివ్వలేదట అన్న కబుర్లు చేతులు మారేది అక్కడే. వాళ్ళకి వారాంతమంటే అదీ.

మగవాళ్ళ గదుల మాటా రీలు చెప్పదు. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనానికి నిప్పంటుకుని 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్ళలో ముగ్గురు మన రాష్ట్రం వాళ్ళు. ఆ వారం కోనసీమలో వీసా స్టేటస్‌లన్నీ మాయమయ్యాయి. తర్వాత మళ్ళీ ఒంటెలొచ్చాయి.

ఇటు ఇంటి దగ్గర మనం చేసేదేమన్నా తక్కువా? కొడుక్కి వీసా రావాలని తల్లి వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుని తిరుగుతుంది. వచ్చాక కొబ్బరికాయ కొట్టి మరీ పంపుతుంది. ఆ కాగితంలో కొడుక్కి శనివారం సెలవుందో లేదో మటుకు ఎవరూ చదవరు. వాడు ఫోను చేసి "ఇక్కడ కష్టంగా ఉందమ్మా" అంటే, "ఫలానావాళ్ళ అబ్బాయి ఒంటె మీద ఊరేగుతున్నాడు, నీకేం రోగం?" అంటాం. అప్పిచ్చినవాడి కంటే ముందు ఈ మాటే వాడి గొంతు నొక్కుతుంది. అందుకని వచ్చే వారం వాడూ అరువు కళ్ళద్దాలు పెట్టుకుని, ఎవరి కారు పక్కనో నిలబడి ఓ రీలు తీసి పంపుతాడు. దళారీకి ఇంకో ప్రకటన ఉచితంగా దొరికింది.

కాబట్టి ఆ రీలు చూపించి మాట కలిపేవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి నాలుగు మాటలు అడగండి. వీసా పని వీసాయా, విజిట్ వీసాయా? వారానికి సెలవు ఏ రోజో కాంట్రాక్టులో రాసుందా? నీ పేరు ప్రభుత్వం వారి ఇ-మైగ్రేట్ సైటులో రిజిస్టరైన ఏజెంట్ల జాబితాలో ఉందా? ఉన్న ఏజెంటు కూడా ఫీజు కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప పైసా ఎక్కువ తీసుకోకూడదు. పదో తరగతి గట్టెక్కక ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న ఆడపిల్లని 30 ఏళ్ళ లోపు గల్ఫ్ ఇంటిపనికి పంపడం చట్టవిరుద్ధం. 30 దాటినా ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి, మన రాష్ట్రంలో దానికి ఓంక్యాప్ ఉంది. ఈ ప్రశ్నలకి వాడు మళ్ళీ ఫోను తీసి ఒంటెని చూపిస్తే, విదేశాంగ శాఖ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోను చెయ్యండి. నంబరు 1800 11 3090, డబ్బు పడదు.