కోత యంత్ర పద్యం: టీకా తాత్పర్యం

ఆ. కోత యంత్రమునకు గొప్పగా ధర యుండు
పనులు వచ్చు రావు, పైక మడుగు
నెలకు నొక్కసారి నియమంబు తప్పక
బ్యాంకు; కొనక ముందు పనుల నెంచు

టీక: కోత యంత్రమునకు = బోర్డులకు అక్షరాలు కోసే యంత్రానికి; ధర = 18 శాతం జీఎస్టీ కలిపిన వెల; పనులు = కోత ఉన్న పనులు (ఫ్లెక్సీలు ఈ లెక్కలోకి రావు, వాటిది ప్రింటింగే); వచ్చు రావు = వస్తే వస్తాయి, లేకుంటే లేదు (మదనపల్లెలో దీనికి టమోటా ధర అని అర్థం); నియమంబు తప్పక = అంగడి మూసినా తెరిచినా; కొనక ముందు = డెమో చూసి మురిసిపోక మునుపే; ఎంచు = లెక్కపెట్టుము.

అన్వయం: ‘అడుగు’ అనే క్రియ రెండో పాదంలోనే వచ్చి, దాని కర్త ‘బ్యాంకు’ నాలుగో పాదం దాకా కనబడదు. ఈఎంఐ స్వభావానికి ఇది తగిన రచన.

తాత్పర్యం: పనికి నిలకడ లేదు, వాయిదాకు ఉంది. కనుక పని లెక్క ముందు.

విశేషాలు: ‘యంత్రము’ అనే ఏకవచనం చింత్యం. కార్బన్ డయాక్సైడ్ లేజర్ యాక్రిలిక్‌ను అద్దంలాంటి అంచుతో కోస్తుంది. ఏసీపీ షీటంటే రెండు అల్యూమినియం రేకుల నడుమ ప్లాస్టిక్. దానికి సీఎన్‌సీ రౌటరే గతి. సన్‌బోర్డు పీవీసీ. దాన్ని లేజర్ కింద పెడితే వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ మనిషి ఊపిరితిత్తులనూ, యంత్రం ఇనుమునూ తింటుంది. స్టిక్కర్‌కైతే చిన్న ప్లాటర్ చాలు. కవి వీటిలో దేన్ని ఉద్దేశించాడో చెప్పలేదు. అమ్మేవాడూ అడిగితే తప్ప చెప్పడు.

‘కోత’ తెలుగులో ఎక్కువే. మామూలు ఫాంట్‌లో ‘కుప్పం’ కోస్తే ఐదు ముక్కలు: కు, ప ఒడలు, దాని తలకట్టు, కింద వత్తు, సున్న. వంపు ఎంత పొడవైతే యంత్రం అంతసేపు తిరగాలి.

పూర్వపక్షం: బెంగళూరు దగ్గరే, కుప్పానికి రైలు కూడా ఉంది. ఫైలు వాట్సాప్‌లో పంపి, కోసిన అక్షరాలు తెప్పించుకుంటే చాలదా? చాలదు. బస్సులో ఒక్క తలకట్టు విరిగితే బోర్డు మరో రెండు రోజులు గోడెక్కదు.

సిద్ధాంతం: బయట కోయించిన ఆరు నెలల బిల్లులు తీసి, షీటు ఖర్చు పక్కనపెట్టి, కోత కూలి మాత్రమే కూడాలి. అది ఆ ఆరు నెలలకయ్యే ఈఎంఐ, కరెంటు, ఆపరేటర్ జీతం, అరిగే లేజర్ ట్యూబు ఖర్చు కలిపినదాన్ని దాటితే కొనవచ్చు. మార్కెట్ యార్డు, కాలేజీలు, ఆసుపత్రులు ఉన్న మదనపల్లెలో దాటే వీలుంది. పుంగనూరు అంగడికి మదనపల్లె యంత్రమే మేలు. తమిళం, కన్నడం బోర్డులూ అడిగే కుప్పంలో పని రకాలు ఎక్కువ; రాశి ఎక్కువా అన్నది బిల్లులే చెప్పాలి.

పాఠాంతరం: ‘కొనక ముందు’కు బదులు ‘కొన్న పిదప’ అని. గణాలు దానికీ సరిపోతాయి. అంగళ్లలో ఎక్కువగా చెల్లుబాటయ్యేది ఈ పాఠమే.