అసలేనా అత్తయ్యగారు

పెళ్లి హాల్లో ఆవిడని పోల్చుకోవడం కష్టం కాదు. వచ్చినవాళ్లందరూ పెళ్లికూతురి మొహం చూస్తుంటే ఆవిడ చూపు మాత్రం మెడల దగ్గరే ఆగిపోతుంది. ఎక్కడైనా ముత్యాల హారం తెల్లగా మెరిసిందా, ఇంక కుశలప్రశ్నలూ భోజనాలయ్యాయా అన్న మర్యాదలూ ఉండవు. ఎకాఎకీ "అసలేనా?" అంటుంది. జవాబు కోసం ఆగదు. కొక్కెం తీసే ఓపిక లేదు కాబట్టి హారాన్నీ, దానితోపాటు హారం గల మెడనీ దగ్గరికి లాక్కుని, ఒక ముత్యాన్ని ముందుపళ్ల మీద పెట్టి అటూ ఇటూ రుద్దుతుంది. కళ్లు మూసుకుంటుంది. పాపం, ఆ హారం మనిషి అంతసేపూ నడుం వంచుకుని, పక్కనున్న వాళ్లకి ఇదేదో చెవిలో రహస్యం అనుకునే భంగిమలో నిలబడాలి. "గరగరలాడుతోంది, అసలుదే" అన్న తీర్పు వచ్చాకే ఆ మెడకి విడుదల. తెలుగునాట ఇలాంటి వ్యక్తి లేని కుటుంబం అరుదు కాబట్టి ఈ జాతిని అసలేనా అత్తయ్యగారు అని పిలుచుకుందాం. మగవాళ్లలోనూ ఈ జాతి ఉంది. వాళ్లు పళ్లకి బదులు సిగరెట్ లైటరు వాడతారు.

ఆవిడ పరీక్ష బొత్తిగా మూఢనమ్మకమేమీ కాదు. ముత్యం నిండా కాల్షియం కార్బొనేట్ పలకలు ఉంటాయి, ఒక్కోటీ మిల్లీమీటరులో రెండువేలో వంతు మందం. వాటిని అతికిస్తూ మాంసకృత్తుల జిగురు, కాస్త నీరు. పెంకుటింటి కప్పులా ఒకదాని మీదొకటి పేర్చిన ఆ పలకల అంచులే పంటికి సన్నని ఇసుకలా తగులుతాయి. గాజుపూసా ప్లాస్టిక్ పూసా అయితే నున్నగా జారిపోతాయి. అంతవరకూ అత్తయ్యగారిదే గెలుపు. చిక్కల్లా ఆ తర్వాతి మాటతోనే. సముద్రంలో దానంతటదే పుట్టిన ముత్యమూ, మనిషి ఆల్చిప్పలో బీజం నాటి పెంచిన ముత్యమూ పంటికి ఒకేలా గరగరలాడతాయి. పై పొర రెండిట్లోనూ ఒకటే మరి. ఆ తేడా తేల్చాలంటే ప్రయోగశాలలో ఎక్స్‌రే తీసి లోపల ఏముందో చూడాలి. అంటే ఆవిడ అంత గంభీరంగా ఉచ్చరించే "అసలు" అన్న మాటకి అర్థం "ప్లాస్టిక్ కాదు" అని మాత్రమే. పైగా గట్టిదనం కొలిచే మోస్ కొలమానంలో పంటి పింగాణీ 5 దగ్గర ఉంటే, ముత్యం రెండున్నరకీ నాలుగున్నరకీ మధ్య ఎక్కడో ఉంటుంది. పరీక్ష చేసేది పన్ను, అరిగేది ముత్యం. ఇక లైటరు బాబాయిగారి అగ్నిపరీక్ష సంగతి చెప్పనే అక్కర్లేదు. సీతమ్మవారు చెక్కుచెదరకుండా బయటికొచ్చారు గాని ముత్యానికి ఆ మహిమ లేదు. వేడి తగిలితే నిజమైన ముత్యమే నల్లబడి బీటలువారుతుంది. నిప్పులో వేస్తే నెగ్గేది అసలుది అనుకోవడం బంగారం దగ్గర నేర్చుకున్న పాఠం. దాన్ని ఇక్కడ ఒప్పజెబితే నష్టం ముత్యం గల వాళ్లకే.

నేననేది ఏమిటంటే, ఆవిడ వేసే ప్రశ్నే పొరపాటు. ముత్యాన్ని "ఎక్కడ పుట్టావు?" అని అడిగి లాభం లేదు, "ఎలా బతుకుతున్నావు?" అని అడగాలి. పుట్టుక సంగతే తీసుకుంటే ముత్యాల గోత్రాలు మహా గజిబిజి. అత్తయ్యగారు "మాది బస్రా" అని గొప్పగా చెప్పుకుంటారు కదా, ఆ బస్రా సంత మాత్రమే. ఆల్చిప్పలు దొరికింది బహ్రెయిన్ చుట్టుపక్కల పర్షియన్ గల్ఫ్ అడుగున. సముద్రమే లేని హైదరాబాదుకి ముత్యాల నగరమని పేరు వచ్చిందంటే అది ఈ ఊరి నీళ్ల గొప్ప కాదు, నిజాముల మోజు గొప్ప, ముత్యానికి రంధ్రం వేసి దారానికి గుచ్చిన చేతుల గొప్ప. ఇవాళ పత్తర్‌గట్టి దుకాణాల్లో దొరికే వాటిలో ఎక్కువ భాగం చైనా మంచినీటి ముత్యాలు. ఆ మాట వినగానే ఆవిడ మూతి ముడుస్తుంది. అయితే ఆ చైనా ముత్యంలో చాలావరకు లోపల పూస ఉండదు. కణజాలం ముక్క ఒక్కటే నాటుతారు, మిగతాదంతా పొర మీద పొరగా ఆల్చిప్ప అల్లినదే. ఆవిడ నోరూరేలా తలుచుకునే జపాన్ అకోయా ముత్యంలోనో, నడుమ ఆల్చిప్ప పెంకుతో చెక్కిన గుండు ఉంటుంది, దాని మీద పొర తరచు మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ గుండుకి ఏళ్ల తరబడి వాడిన పెంకు అమెరికాలో మిసిసిప్పి నదీ ప్రాంతానిది. తండ్రి జపాన్, తాత అమెరికా, సంబంధం కుదిర్చింది హైదరాబాదు! ఇక పాత లెక్కలు తీస్తే ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ముత్యం పుట్టే చోట్లు ఎనిమిది చెప్పాడు. వాటిలో ఏనుగు, పాము, వెదురు, మబ్బు కూడా ఉన్నాయి. స్వాతి చినుకు కథ మనందరికీ తెలిసిందే. ఇన్ని పుట్టుకలు ఒప్పుకున్న సంప్రదాయం మనది. దానికి చెరువులో పెంచిన ముత్యం ఒక్కటే మింగుడుపడదా?

"అయితే ధర మాటేమిటి? సహజమైనది లక్షలు, పెంచినది వేలు. అడక్కుండా ఎలా?" అని ఆవిడ పక్షాన ఎవరైనా వాదించవచ్చు. వాదన బలమైనదే. 1917లో కార్టియే నగల సంస్థ న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో తన భవనాన్ని కొన్నది రెండు పేటల సహజ ముత్యాల హారం ఇచ్చి. అప్పట్లో ఆ హారం ఖరీదు పది లక్షల డాలర్లు. అదే హారం 1957లో వేలానికొస్తే పలికింది లక్షన్నర డాలర్ల చిల్లర. ఈలోగా జపాన్ వ్యాపారి మికిమోటో మొదలైనవాళ్లు పెంచిన ముత్యాలని ప్రపంచం మీద కుమ్మరించారు. హారంలో ముత్యాలు మారలేదు, చుట్టూ లోకం మారింది. అంటే ఆ ధర అరుదుతనానిది, అందానిది కాదు. అరుదుతనం కొనేవాళ్లకి వేలంపాటలున్నాయి, ధ్రువపత్రాలున్నాయి. నిజాం నగలు, వాటిలో బస్రా ముత్యాల ఏడు పేటల సత్లడాతో సహా 173 వస్తువులు, 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకి కొన్నప్పుడు, ముందుపళ్ల మీద ఆధారపడలేదనే నా నమ్మకం. మామూలు కొనుగోలులో గాజుపూసని ముత్యమని అంటగట్టే మోసం ఉన్నమాట నిజమే. దానికి బిల్లు మీద ఏ రకం ముత్యమో రాయించుకోవడం పెళ్లి హాల్లో మెడలు లాగడం కన్నా మేలైన మందు. చంద్రుడికి ప్రీతి కాబట్టి సహజమైనదే పెట్టుకోవాలనే వాళ్లతో నాకు తగువు లేదు. మనసు చల్లబరచడానికి ముత్యపుటుంగరం పెట్టుకున్న ఆవిడే పదిమంది మనశ్శాంతి పోగొట్టడం చూస్తే చంద్రుడి మీదే జాలి వేస్తుంది. భద్రాచలంలో ఏటా శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు పోస్తారు. అవి బస్రావా చైనావా అని రాములవారు అడిగిన దాఖలా లేదు.

ఎలా బతుకుతున్నాయో అడిగితే మాత్రం ఆవిడ తడబడుతుంది. "అసలువి" అని తేల్చుకున్న తన సొంత హారాన్ని ఆవిడ ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి లాకరులో పడేసింది. గాలి ఆడని పొడి చోట ముత్యంలోని తడి తగ్గిపోయి వెంట్రుకవాసి చీలికలు వస్తాయి. మెత్తటి బట్టలో చుట్టి, వేరే నగల రాళ్లు గీసుకోకుండా ఉంచి, అప్పుడప్పుడూ తీసి పెట్టుకుంటే అది నిండు నూరేళ్లూ ఉంటుంది. పోనీ తీసిన రోజున చేసేదేమిటి? ముందు హారం వేసుకుని, ఆ మీద తలకి స్ప్రే, మెడకి సెంటు కొట్టుకుంటుంది. ఆ వరస తిరగబడాలి. అలంకారమంతా అయ్యాక చివర వేసుకోవాల్సింది, ఇంటికొచ్చాక మొదట తీయాల్సింది ముత్యమే. సున్నపురాయిదీ ముత్యానిదీ ఒకే పదార్థం కాబట్టి పులుపంటే దానికి చావుభయం. చింతపండు పెట్టి ఇత్తడి దేవుళ్లని తోమినట్టు తోమితే మెరుపు పోయి సుద్దముక్కలా మిగులుతుంది. చెమట కూడా పులుపే. పచ్చబడ్డ పాత హారాన్ని పళ్లపొడితో రుద్దమని ఆవిడ ఇచ్చే సలహా ఇంకా ఘోరం. ఆ రుద్దుడికి పోయేది పసుపు రంగు కాదు, పై పొర. తడి గుడ్డతో తుడిచి నీడన ఆరనివ్వడం చాలు, అదీ దారం పూర్తిగా ఆరేదాకా వేసుకోకుండా. తడిసిన పట్టుదారం సాగుతుంది. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేసి గుచ్చడం చాదస్తం కాదు. తెగితే ఒక్కటే జారుతుంది, తక్కినవి ఒకదాన్నొకటి ఒరుసుకోవు. రోజూ వేసుకునే హారమైతే రెండు మూడేళ్లకోసారి మళ్లీ గుచ్చించాలి. అంత ఖర్చెందుకని దాటవేసిన ఇళ్లలోనే పెళ్లి మధ్యలో ముత్యాలు నేలమీద పరుగులు తీస్తాయి. అప్పుడు అందరికన్నా ముందు కుర్చీ కిందికి వంగేది మళ్లీ అత్తయ్యగారే. ఆ వయసులో ఆ మోకాళ్లతో దూరి, పదహారో ముత్యం దొరికేదాకా లేవదు. ఈ ఒక్క సంగతికి ఆవిడ మీద నాకున్న కోపం సగం తగ్గిపోతుంది.

మిగతా సగం కూడా నిలవదు. ఆవిడ పరీక్ష చివరి అంకం ఎవరూ సరిగా గమనించరు. తీర్పు చెప్పేసి, నోట్లోంచి ముత్యాన్ని తీసి, అంటుకున్న తడి చూసి కాస్త సిగ్గుపడి, కొంగులో జరీ తగలని మెత్తటి చోటు వెతికి, హారాన్ని ఒక కొసనుంచి ఇంకో కొసదాకా ఒక్కో ముత్యమే పట్టుకుని శుభ్రంగా తుడిచి మరీ వదులుతుంది. చెమటా సెంటూ పౌడరూ అన్నీ ఆ కొంగుకే అంటుకుంటాయి. హారం సొంతదారు ఇంటికెళ్లి చేయాల్సిన పని అదే. బద్ధకించి, తీసిన హారాన్ని అలాగే డబ్బాలో పెట్టేస్తుంది.